హాజరు కావలెను

తల్లిదండ్రుల సభ పెడితే సగం మంది కూడా రారనీ, వాళ్ళకు పిల్లల చదువంటే పట్టింపు లేదనీ ఈ మధ్య ఒక కొత్త టీచరు నా దగ్గర వాపోయింది. ఆ అమ్మాయిని తప్పుపట్టే అర్హత నాకు లేదు. ఆమె వయసులో నేనూ ఆ మాటే అన్నాను. అన్నంతటితో ఆగకుండా ఒక కుటుంబాన్ని ముసురులో కొండ మీదికి తరిమాను కూడా. ముప్పై ఏళ్ళకు పైగా బళ్ళలో పనిచేశాను. అయినా ఉద్యోగం అనగానే నాకు ముందు గుర్తొచ్చేది ఆ రోజే. గొప్పగా చెప్పుకునేది కాదు కాబట్టి ఇన్నాళ్ళూ చెప్పలేదు. కొత్తగా చాక్‌పీసు పట్టుకున్న పిల్లలకు పనికొస్తుందేమోనని ఇప్పుడు చెబుతున్నాను.

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన కొత్తలో మాట. మాది ఆత్మకూరు. నెల్లూరులో ట్రైనింగు ముగించుకుని, ఉదయగిరి కొండ కింద ఒక చిన్న ఊళ్ళో బోర్డు బడికి వచ్చాను. నాకప్పుడు ఇరవై ఏళ్ళు. బడికి ఇద్దరమే టీచర్లం. హెడ్మాస్టరు రిటైరుకు దగ్గరపడిన మనిషి. మోకాళ్ళ నొప్పులు, ఎండైనా వానైనా ఒంటిమీద ఒకటే నల్లకోటు. ఊళ్ళో ఆయన్ని పెద్దయివారు అనీ, నన్ను అయివారమ్మ అనీ పిలిచేవాళ్ళు.

ఊరంటే ఒక బజారు వీధి, అందులో నాలుగు శెట్ల దుకాణాలు. చుట్టూ మెట్ట సేద్యం చేసుకునే రైతులు, మేకలు కాసేవాళ్ళు. ఊరి బయట పాలెంలో ఆదివారం ప్రార్థనకు పోయే కూలి కుటుంబాలు. కొండదారి మొదట్లో, కర్ర చెంచాలు చెక్కే వాళ్ళవి నాలుగిళ్ళు. ఇందరి పిల్లలూ మా బడికి రావాలి. వచ్చేవాళ్ళు తక్కువ, మానేసేవాళ్ళు ఎక్కువ.

నాకు ఆ ఊళ్ళో అన్నీ భయమే. సాయంత్రం నాలుగు దాటితే కొండ నీడ ఊరి మీద పడటం భయం. అన్నిటికంటే ఇన్‌స్పెక్టరంటే భయం. ఆయన ఒకసారి వచ్చి హాజరు పట్టీ తిరగేసి, "తల్లిదండ్రుల్ని పిలిచి సభ పెట్టండి. నేను మళ్ళీ వచ్చేసరికి పిల్లలు పెరక్కపోతే రెండో పోస్టు తీసేయమని రాస్తాను" అని చెప్పి వెళ్ళాడు. రెండో పోస్టు అంటే నేను.

ఆయన బండి మలుపు తిరగ్గానే హెడ్మాస్టరు తేలిగ్గా అన్నాడు. "నోటితో చెబుదాం అమ్మాయ్. సాయంత్రాలు అట్లా నడిచి నాలుగు వీధులూ తిరిగితే సరిపోతుంది."

"అది పద్ధతి కాదు సార్. కాగితం మీద పిలవాలి" అన్నాను నేను. ట్రైనింగు వేడి ఇంకా తగ్గలేదు మరి.

నా దస్తూరీ ముత్యాల్లా ఉంటుందని అందరూ అనేవాళ్ళు. ఇంటింటికీ ఒక కాగితం చొప్పున నేనే రాశాను. ఆఫీసు ఫైల్లోంచి ఒక తాఖీదు తీసి దాని ఫక్కీలోనే రాశాను: "ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, తమరు వచ్చే శనివారము పగలు పదకొండు గంటలకు పాఠశాలకు తప్పక హాజరు కావలెను. హాజరు కానియెడల తగు చర్య తీసుకొనబడును."

హెడ్మాస్టరు చివరి వాక్యం దగ్గర ఆగాడు. "ఇది ఉండాలా?"

"లేకపోతే ఎవరూ రారు సార్."

బడి ముద్ర కూడా వేయమని నేనే అడిగాను. ఊదా సిరాతో గుండ్రంగా ముద్ర పడేసరికి ఆ కాగితాలకు ఎంత నిండుతనం వచ్చిందని! శుక్రవారం సాయంత్రం పిల్లల చేతికిచ్చి పంపాను.

శనివారం బజారు వీధి నుంచి ఆరుగురు వచ్చి రెండు బెంచీల మీద కూర్చున్నారు. రైతులు ఇద్దరు వచ్చారు. పాలెం నుంచి నలుగురు వచ్చి వసారా అవతల ఎండలోనే నిలబడ్డారు. లోపలికి రమ్మన్నాను. వాళ్ళు బెంచీల వైపు చూశారు గానీ కదల్లేదు. సిగ్గేమో అనుకున్నాను. మేకల వాళ్ళు ఒక్కరూ లేరు. చెంచాల వాళ్ళు ఒక్కరూ లేరు. వచ్చినవాళ్ళకు గోళ్ళు తీసుకోవడం గురించీ, తల దువ్వుకోవడం గురించీ అరగంట ఉపన్యాసం ఇచ్చి పంపించాను. అందరూ పోయాక, "వాళ్ళకు పిల్లల చదువంటే పట్టింపు లేదు సార్" అన్నాను.

ఆదివారం పొద్దున వాన పట్టుకుంది. సోమవారం కూడా వదల్లేదు.

ఆ రోజు మూడో తరగతిలో ఒక పిల్ల రాలేదు. చెంచాలు చెక్కే ఇంటి పిల్ల, ఎనిమిదేళ్ళు ఉంటాయి. ఆ ఇంట్లో అక్షరం వచ్చింది దానికే మొదట. పంక్తి కింద వేలు పెట్టి, తడబాటు లేకుండా చదివేది. ఎంత వానైనా అందరికంటే ముందు వచ్చే పిల్ల రాకపోయేసరికి, జ్వరమేమోనని మధ్యాహ్నం గొడుగు వేసుకుని వెళ్ళాను.

తలుపు తాడుతో కట్టేసి ఉంది. పక్క పంచలో, తడిసిన చెక్కపొట్టు మధ్య, ఆ పిల్ల అవ్వ కూర్చుని ఉంది. నన్ను చూడగానే గోడ పట్టుకుని లేచి రెండు చేతులూ జోడించింది.

"నన్ను పట్టకపోబాకండి తల్లీ. నాకేం తెలవదు."

అంతవరకూ నేనే అందరికీ భయపడుతున్నాననుకున్నాను. నన్ను చూసి ఒక మనిషి అట్లా భయపడటం అదే మొదటిసారి. ఆమెను కూర్చోబెట్టి, నేనూ ఆ పొట్టులోనే కూర్చుని అడిగితే, ముక్కలు ముక్కలుగా చెప్పింది.

"నువ్వు పంపిన కాయితం బిడ్డ చదివినాది. ఒక్క తప్పు లేకుండా చదివినాదమ్మా. హాజరు అనే మాట వినంగానే మావాడి మొగాన నెత్తురు లేదు. నాలుగేండ్ల కింద కొండలో కర్ర కొట్టినాడని పట్టుకొని ఆత్మకూరు కోర్టుకు తీసకపొయ్యినారు. ఆడ హాజరు హాజరు అని అరిచినారంట. పదైదు దినాలు జైల్లో పెట్టినారు. మళ్ళా ఆ మాటే వచ్చె. ముద్ర కూడా ఉండాది గదా. శనివారం తెల్లారుతానే పెండ్లాన్నీ బిడ్డల్నీ తీసుకొని పొయ్యినాడు."

"ఎక్కడికి అవ్వా?"

ఆమె నోరు మూసుకుంది. నేను పోలీసుల్ని తీసుకుపోతానని ఆమె భయం. ఇంతలో కొండవాగు మోత ఒక్కసారిగా పెద్దదైంది. అవ్వ కళ్ళు నా తల మీదుగా కొండ వైపు తిరిగాయి.

"మూణ్ణెల్ల బిడ్డ ఉండాడమ్మా చంకలో" అని గొల్లుమంది.

వానలో పరుగెత్తుకుంటూ బడికొచ్చి హెడ్మాస్టరుకు చెప్పాను. పోలీసుల్ని పిలుద్దామా అన్నాను. "పిలిస్తే ఇంకా పైకి పోతాడు" అన్నాడాయన. పిల్లల్ని ఇళ్ళకు పంపేశాం. ఆ కొండ మీద పాత కోట గోడలూ కూలిన మండపాలూ ఎన్నో ఉన్నాయి. దారి తెలిసినవాళ్ళు లేకుండా పోయే చోటు కాదది. హెడ్మాస్టరు నన్ను మేకలు కాసే ఒకామె గుడిసెకు తీసుకెళ్ళాడు. ఆమె కొడుకులిద్దరి పేర్లూ మా పట్టీలో ఉన్నాయి గానీ, వాళ్ళు బడికి వచ్చిన రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. నేను పంపిన కాగితం చూరులో దోపి ఉంది. ఆ ఇంట్లో చదివేవాళ్ళు లేరు కాబట్టి దానికి ఎవరూ భయపడలేదు.

"సభకు రాలేదేం?" అని ఆ గాబరాలో కూడా నా నోట వచ్చింది.

"పదకొండు గంటలకు బడికి రమ్మంటే మేకలెవురు కాస్తారు, నువ్వా?" అంది ఆమె. అంటూనే గొంగడి తల మీద వేసుకుని కర్ర అందుకుంది. "పాండి. పొద్దు వాలకముందే దిగాల."

ఆ ఎక్కడం నేను మరిచిపోలేదు. పాత మెట్ల మీద నీళ్ళు దొర్లుతున్నాయి. కాలు పెట్టిన ప్రతి రాయీ కదిలినట్టే ఉంది. చెప్పు తెగితే పారేసి వట్టికాళ్ళతో నడిచాను. కొండ మీద చిరుత ఉందని ఊళ్ళో చెప్పుకునేవాళ్ళు. పొదలో ఏదో కదిలితే మేకలామె చెయ్యి పట్టుకున్నాను. "వానకు అదీ బయటికి రాదులే" అంది ఆమె, తిరిగి చూడకుండానే. నాకు చిరుత కంటే మూణ్ణెల్ల పసివాడి ఆలోచనే ఎక్కువ భయం పెట్టింది. రెండు రోజుల వాన. ఆ పసివాడికి ఏమన్నా అయితే? నా ముత్యాల దస్తూరీ, నా ఊదా ముద్ర. హెడ్మాస్టరు వెనక రొప్పుతూ, మెట్టు మెట్టుకూ మోకాలు పట్టుకుంటూ వస్తున్నాడు. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

కోటగోడ దాటాక ఒక వాగు అడ్డం వచ్చింది. అవతల సగం కూలిన మండపం. అందులోంచి సన్నగా పొగ. నాకు ప్రాణం లేచొచ్చి పిల్లను పేరు పెట్టి గట్టిగా పిలిచాను.

బయటికి వచ్చింది తండ్రి. వాగు ఇవతల ఆయనకు ఏం కనిపించిందో నేను తర్వాత ఊహించుకున్నాను. నల్లకోటు వేసుకున్న మగమనిషి, చంకలో లాఠీలాగా, గాలికి నిలవక మడిచేసిన గొడుగు, పక్కన కాగితం పంపిన అయివారమ్మ. ఆయన లోపలికి పరుగెత్తాడు. మరుక్షణం నలుగురూ మండపం వెనక నున్నటి రాతి చట్టు మీదికి ఎక్కడం మొదలుపెట్టారు. తండ్రి ముందు, పిల్ల వెనక, పసివాణ్ణి ఎదకు కట్టుకుని తల్లి చివర. చట్టుకు కుడివైపున లోయ.

"ఆగండి! భయం లేదు, ఆగండి!" అని అరిచాను. అరిచినకొద్దీ వాళ్ళు ఇంకా వేగంగా ఎక్కారు. తల్లి కాలు జారింది. రెండు చేతులూ బిడ్డ మీదే ఉండటంతో పట్టుకోవడానికి చెయ్యి లేదు. కూర్చున్నట్టే చట్టు మీద బారెడు దూరం జారి, ఒక పొదకు తట్టుకుని ఆగింది.

నా గొంతులోంచి మళ్ళీ కేక రాబోయింది. మేకలామె అరచేత్తో నా నోరు మూసింది.

"అరవబాక మే! నువ్వు అరిస్తే వాళ్ళు పడి చస్తారు." తర్వాత హెడ్మాస్టరు వైపు తిరిగింది. "ఆ కోటు ఇప్పు సామీ. పోలీసు జమేదారు మాదిరి ఉండావు. ఇద్దురూ అటు తిరిగి కూర్చోండి. నేను చెప్పిందాకా తిరిగి చూడబాకండి."

హెడ్మాస్టరు కోటు విప్పి రాతి కింద దాచాడు. తడిసిన చొక్కాలో ఆయన ఎంత బక్కమనిషో అప్పుడే చూశాను. ఇద్దరం వాగుకు వీపు పెట్టి బురదలో కూర్చున్నాం.

నా ఉద్యోగం మొత్తంలో అంత భయం నేను మళ్ళీ ఎరగను. వెనక ఏం జరుగుతోందో కనిపించదు. నీళ్ళ మోత. ఎక్కడో రాయి దొర్లిన చప్పుడు. అది రాయేనా? మేకల్ని పిలిచే కూత ఒకటి పెట్టి ఆమె మాట్లాడటం మొదలుపెట్టింది. సగం వాన మింగేస్తోంది.

"ఎవురూ లేర్రా అబ్బయ్యా! పోలీసూ లేదు, గార్డూ లేడు. ముసలాయన చలికి వణకతా ఉండాడు. అయివారమ్మ ఏడస్తా ఉండాది, చూడు!"

నేను ఏడుస్తున్నానని ఆమె చెప్పేదాకా నాకు తెలియదు.

చట్టు మీంచి మెల్లగా కిందికి దిగుతున్న అడుగుల చప్పుడు వినిపించింది. ఆ తర్వాత దగ్గర్నుంచే ఒక మగగొంతు అడిగింది.

"కోర్టు ఎప్పుడు తల్లీ?"

తిరిగి చూశాను. వాగు అవతలి ఒడ్డున ఆయన నిలబడి ఉన్నాడు. వెనక పసివాడితో భార్యా, ఆమె కొంగు పట్టుకుని పిల్లా ఉన్నారు.

"కోర్టు లేదు నాయనా. నీ బిడ్డ బాగా చదువుతోంది, ఆ మాట చెప్పడానికి పిలిచాను."

"దానికి చర్య తీసుకుంటామని ఎందుకు రాసినారు?"



ఆయన మొలలోంచి గుడ్డమూట తీసి అందులోంచి కాగితం బయటికి తీశాడు. దాన్ని అంత వానలోనూ తడవకుండా దాచాడు. కోర్టులో చూపించాలి కదా! "చించెయ్" అన్నాను.

"చించితే అదింకో కేసు గదా?"

అప్పుడు హెడ్మాస్టరు లేచాడు. మేకలామె కర్ర ఊతం చేసుకుని, ఆ మోకాళ్ళతోనే, తొడల దాకా వచ్చిన నీళ్ళలోకి దిగాడు. నడివాగులో నిలబడి చెయ్యి చాచి కాగితం అందుకుని, ఆయన ఎదుటే నాలుగు ముక్కలు చేసి నీళ్ళలో వదిలాడు.

"రాసింది మేము. చించేదీ మేమే. నీకేం కాదు. రా నాయనా."

ఒకరి తర్వాత ఒకరు ఇవతలికి వచ్చారు. పసివాణ్ణి నా చేతికిచ్చారు. వాడి పెదవులు నేరేడుపండు రంగులో ఉన్నాయి. ఏడవడం లేదు. మేకలామె వాణ్ణి నా చేతుల్లోంచి లాక్కుని, గొంగడి లోపల తన ఒంటికి ఆనించుకుని, మా అందరికంటే ముందు దిగిపోయింది.

బండి కట్టించి ఆ సాయంత్రమే ఉదయగిరి ఆసుపత్రికి పంపాం. తల్లీ బిడ్డా ఐదు రోజులు అక్కడే ఉన్నారు. ఆ ఐదు రోజులూ బడి గుమ్మంలో ఎవరి నీడ పడినా ఏ కబురు తెచ్చారోనని లేచి చూసేదాన్ని. ఆరో రోజు తల్లి బిడ్డతో బడి ముందు నుంచి నడిచి వెళ్ళింది. వాడు చంకలో ఉండి గుక్కపట్టి ఏడుస్తున్నాడు. నేను పాఠం మధ్యలో ఆపి గోడ వైపు తిరిగి నిలబడ్డాను.

అక్కడితో అయిపోయిందనుకుంటే పొరపాటే. పిల్ల బడికి తిరిగొచ్చింది గానీ చదవడం మానేసింది. తన వంతు వస్తే లేచి నిలబడేది, పుస్తకం తెరిచేది, పెదవులు బిగించేది. బుజ్జగించాను. కథలు చెప్పాను. ఒక్క అక్షరం రాలేదు. దాని మనసులో ఏముందో మేకలామెతో చెప్పుకుందట. "నేను చదివితే మా నాయన పారిపోతాడు అంటా ఉండాది" అని ఆమె నాకు చెప్పిన రోజు రాత్రి అన్నం ముట్టలేకపోయాను. పసివాడి జబ్బుకు ఆసుపత్రి ఉంది. దీనికి ఎక్కడికి తీసుకుపోను?

అప్పటినుంచి హెడ్మాస్టరు మొదట చెప్పిన పనే చేశాం. నడిచాం. మేకల వాళ్ళను మధ్యాహ్నం మేకలు నీళ్ళు తాగే చోట కలిశాం. పాలెంలో ఆదివారం ప్రార్థన అయ్యాక వాళ్ళ పందిట్లోనే కూర్చున్నాం. ఆ రోజు ఎండలో ఎందుకు నిలబడ్డారని అక్కడే అడిగాను. "బెంచీ మీద శెట్టిగారు కూర్చోనుంటే మేము యాడ కూర్చునేది తల్లీ?" అని ఒక పెద్దామె నన్నే అడిగింది. రైతులకు సజ్జకోతల్లో బడి పొద్దున్నే వదిలితే చాలు. దుకాణాల వాళ్ళకు నోటిలెక్కలు గట్టిగా రావాలి. అందరినీ ఒకే కాగితంతో పిలిచాను గానీ, ఏ ఇద్దరి అవసరమూ ఒకటి కాదని నాకు ఆ నడకల్లోనే తెలిసింది.

చెంచాల ఇంటికి మాత్రం వారానికోసారి పోయేదాన్ని. ఆయన తల ఎత్తేవాడు కాదు. ఉలి ఆపేవాడు కాదు. నేను గడప మీద కూర్చుని పిల్ల ఆ వారం ఏం లెక్కలు చేసిందో చెప్పేదాన్ని. చదవడం లేదన్న మాట కూడా ఒక రోజు చెప్పాను. ఉలి ఒక్క క్షణం ఆగి, మళ్ళీ కదిలింది.

రెండో సభ సాయంత్రం పూట, మేకలు ఇల్లు చేరాక పెట్టాం. బెంచీలు లోపల పెట్టేసి ఆవరణలో అందరికీ చాపలు పరిచాం. దుకాణం వాళ్ళు ఇద్దరు అది చూసి వెనక్కి వెళ్ళిపోయారు. వాళ్ళలో ఒకరు కాసేపటికి తిరిగొచ్చి చాప అంచున కూర్చున్నారు. ఇన్‌స్పెక్టరు చెప్పకుండా ఊడిపడ్డాడు. ఉన్న ఒక్క కుర్చీ ఆయనకు వేశాం. ఆవరణ నిండింది. చెంచాలు చెక్కే ఆయన చాప మీదికి రాలేదు. ప్రహరీ సందులో, రోడ్డు మీద ఒక కాలు పెట్టుకుని నిలబడ్డాడు. ఇన్‌స్పెక్టరు టోపీని చూసి ఆయన తలగుడ్డ తీసి చంకలో పెట్టుకోవడం నాకు అంత దూరం నుంచీ కనిపించింది.

"ఎవరన్నా పిల్ల చేత చదివించండి" అన్నాడు ఇన్‌స్పెక్టరు. నేను ఇంకొకరి పేరు చెప్పేలోగా వేలు చూపించేశాడు. "ఆ ముందు కూర్చున్న అమ్మాయి. నువ్వే. చదువు."

ఆ పిల్లే. లేచి నిలబడింది. పుస్తకం తెరిచింది. పెదవులు బిగించింది. ఇన్‌స్పెక్టరు నా వైపు చూశాడు. నాకు పోస్టు సంగతి గుర్తే రాలేదు. ఇంకొక్క క్షణం ఇట్లాగే ఉంటే తండ్రి వెనక్కి తిరిగి రోడ్డెక్కేస్తాడనీ, ఇక ఈ జన్మలో ఈ పిల్ల నోరు తెరవదనీ భయం పట్టుకుంది. పిల్ల తల తిప్పి ప్రహరీ సందు వైపే చూస్తోంది.

"చదువు బిడ్డా" అన్నాడాయన. "నేను యాడికీ పోనులే."

అని, రోడ్డు మీది కాలు లోపలికి తీసుకుని, అక్కడే నేల మీద చతికిలబడ్డాడు. పిల్ల పంక్తి కింద వేలు పెట్టింది.